గూషాన్ కొండ మీద పేర్లు

వినాయక చవితి ముందురోజు సాయంత్రం గుంటూరు బజారులో పత్రి కొంటున్నాను. అమ్మే ఆవిడ మాచిపత్రి రెమ్మ ఒకటి తుంచి, వేళ్ల మధ్య నలిపి, "తాజాదేనమ్మా, వాసన చూస్కో" అని నా ముక్కు దగ్గర పెట్టింది. చుట్టూ జనం, ఆటోల హారన్లు, పందిరి మైకులో పాటలు. ఆ వాసన తగలగానే నాకు చైనాలో నేను చదువుకున్న ఊరు హాంగ్‌జౌ గుర్తొచ్చింది. మా హాస్టల్ వాచ్‌మన్ తాత స్టూలెక్కి, ఇదే వాసన వేసే ఆకుల కట్టని గేటుకి కడుతూ కనిపించాడు.

చైనావాళ్ల ఐదో నెల ఐదో రోజున పడవ పందేల పండగ వస్తుంది. ఆ రోజు ఇంటింటి గుమ్మానికీ మాచిపత్రి జాతి మొక్కనే కట్టి వేలాడదీస్తారు. పురుగూ పుట్రా రాకూడదని, జబ్బులు దరి చేరకూడదని వాళ్ల నమ్మకం. ఆ ఆకు ఎండబెట్టి, దంచి, నూగు తీసి దాన్ని ఒంటి మీద కొన్ని చోట్ల కాల్చి వైద్యం చేస్తారని మాకు క్లాసులో చెప్పారు. ఆ నూగుతోనే చిత్రాల మీద వేసే ఎర్ర ముద్రల సిరా కూడా చేస్తారని మాత్రం క్లాసులో చెప్పలేదు. అది నాకు సరస్సు పక్కన ఉన్న ఒక చిన్న మ్యూజియంలో తెలిసింది. దాని గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. ఇన్నాళ్లకి మాచిపత్రి రాయించింది.

*

ఎంసెట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాక, ఇక్కడ డొనేషన్ కట్టే స్తోమత లేక, చైనాలో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లిన తరం మాది. హాస్టల్లో అంతస్తుకో తెలుగు గది ఉండేది. రైస్ కుక్కర్లో పప్పూ, దాని మీద గిన్నెలో అన్నం. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా మూత తీస్తే కారిడార్ చివరి గదివాళ్లు కూడా వచ్చేవాళ్లు. ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టి ఇంటికి మాట్లాడేవాళ్లం. "నిమిషాలు అయిపోతాయే, పెట్టేయ్" అని అమ్మ అనడం, నాయనమ్మ ఫోన్ లాక్కుని "అన్నం తిన్నావా" అని ఒక్క మాట అడగడం, కార్డు అయిపోవడం. వీడియో కాల్స్‌తో పెరిగిన మా పిల్లలకి ఆ తొందర ఎలా ఉండేదో చెప్పినా అర్థం కాదు.

పాఠాలు ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లు. కానీ వార్డులో రోగితో మాట్లాడాలంటే చైనీస్ రావాలి. అందుకని భాషా క్లాసులు ఉండేవి. అక్షరాలు నాకు బొత్తిగా పట్టుబడేవి కావు. మా చైనీస్ టీచర్ పెద్దావిడ, ఒకరోజు బోర్డు మీద రాయడం ఆపేసి, "ఆదివారం గూషాన్ కొండ దగ్గరికి వెళ్లిరండి. అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే భయం పోతుంది" అంది. మిగతావాళ్లు ఆదివారం పడుకున్నారు. నేను ఏడో నంబరు బస్సెక్కాను.

వెస్ట్ లేక్ ఒడ్డున పొద్దున్నే ఆ ఊరి రిటైరైన ముసలివాళ్లు వచ్చేవాళ్లు. ఒక చేతిలో నీళ్ల బకెట్టు, ఇంకో చేతిలో నడుమెత్తు బ్రష్షు. బ్రష్షు కొసకి స్పాంజి ముక్క. దాన్ని నీళ్లలో ముంచి, వంగకుండా నిలబడే, బాటకి పరిచిన రాతి పలకల మీద అక్షరాలు రాసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు. పద్యం చివరి పాదానికి వచ్చేసరికి మొదటి పాదం ఎండిపోయేది. ఎవరూ ఫొటో తీయమనేవాళ్లు కాదు, చదవమనేవాళ్లు కాదు. పక్కన ఇంకో ముసలాయన నిలబడి, ఒక గీత బాలేదని చెయ్యి ఊపి చూపించేవాడు. రాసినాయన బకెట్లో ముంచి మళ్లీ రాసేవాడు. ఆ బ్రష్షు రాళ్లని తడిపే చప్పుడు, దూరంగా పడవల్లో తెడ్ల చప్పుడు, చెట్ల కింద ఎవరో వాయించే రెండు తీగల ఫిడేలు, ఇవి నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

*

గూషాన్‌ని కొండ అంటారు కానీ 38 మీటర్ల ఎత్తే. సరస్సులో దీవి లాంటిది, రెండు వైపులా కట్టలూ వంతెనలూ కలుపుతాయి. దాని మీదే షీలింగ్ ముద్రల సంఘం ఉంది. రాతి మీద పేర్లు చెక్కే కళ నశించిపోకూడదని 1904లో నలుగురు కళాకారులు కలిసి మొదలుపెట్టిన సంఘం అది. 1913లో ఊ ఛాంగ్‌షువో అనే మహా కళాకారుణ్ణి మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన పాత రాతి శాసనాల లిపిని జీవితమంతా దిద్దినవాడు. ఆ చెయ్యి బరువు ఆయన వేసిన పూలతీగల్లో కూడా కనిపిస్తుంది. కొండ మీద గుహ లాంటి గూట్లో ఆయన కాంస్య విగ్రహం ఉంటుంది. ఆ గుట్ట నిండా రాతి మెట్లు, చిన్న మంటపాలు, బండల మీద చెక్కిన అక్షరాలు, చేపలున్న కొలను. కింద రోడ్డు పక్కన 1999లో ముద్రల మ్యూజియం తెరిచారు.

నేను వెళ్లినప్పుడు ముసురు. గొడుగు మూసి లోపలికి వెళితే గాజు పెట్టెల మీద పసుపు లైట్లు తప్ప వెలుతురు లేదు. మనుషులు కూడా లేరు. ఒక మూల కుర్చీలో గార్డు ఆవిడ గాజు సీసాలో ఆకుల టీ పెట్టుకుని స్వెట్టర్ అల్లుతోంది. అక్కడి అలవాటు ప్రకారం అలాంటి వయసావిడని అందరం "ఆయీ" అనేవాళ్లం, మనం పిన్నిగారూ అన్నట్టు. నన్ను చూసి "ఇందూ?" అంది, ఇండియానా అని. అవునన్నాను. అల్లిక పక్కన పెట్టి లేచింది.

మొదటి గదిలో బొటనవేలి గోరంత ఎండు మట్టి ముద్దలు. కాగితం రాకముందు ఉత్తరాలు వెదురు బద్దల మీద రాసి, తాడుతో కట్టి, ముడి మీద మట్టి ముద్ద అద్ది, ముద్ర నొక్కేవాళ్లట. మట్టి పగిలిందంటే ఎవరో ఉత్తరం విప్పారన్నమాట. ఉత్తరాలు పోయాయి, తాళ్లు పోయాయి, రెండు వేల ఏళ్లనాటి ఆ మట్టి మిగిలింది. కొన్నిటి వెనక తాడు ఒత్తిన గుర్తు కూడా ఉంది. తరవాతి గదిలో హాన్ వంశం నాటి అధికారుల కంచు ముద్రలు, పైన పట్టుకోవడానికి తాబేలు బొమ్మ. ఉద్యోగం వస్తే ముద్ర నడుముకి కట్టుకునేవాళ్లు.

ఆ పైన రాళ్ల గది. కంచు మీద చెక్కాలంటే పనివాళ్లు కావాలి. మెత్తని రాయి దొరికాక రాసేవాడే చెక్కుకోవచ్చు. యువాన్ వంశం నాటి వాంగ్ మియెన్ అనే చిత్రకారుడు మెత్తని రాతి మీద తన ముద్రలు తనే చెక్కుకున్నాడని అంటారు. ఆయనది హాంగ్‌జౌ ఉన్న రాష్ట్రమే. ఆ రాష్ట్రంలోనే చింగ్‌తియెన్ అనే చోట ఆకుపచ్చ రాయి దొరుకుతుంది. హాంగ్‌జౌకి పడమర కొండల్లో దొరికే రాయిలో ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం చారలు ఉంటాయి, అందుకే దానికి కోడిరక్తపు రాయని పేరు. హాంగ్‌జౌకే చెందిన డింగ్ జింగ్ 18వ శతాబ్దంలో చిన్న చిన్న కోతలతో, గీత కొద్దిగా వణికినట్టు చెక్కే పద్ధతి పెట్టాడు. ఆయన్నీ, ఆయన దారిలో వచ్చినవాళ్లనీ కలిపి షీలింగ్ ఎనిమిదిమంది అంటారు.

ఇవన్నీ ఆయీ ఓపిగ్గా చూపిస్తూ, నాకు అర్థం కానప్పుడు తన అరచేతిలో వేలితో గీసి చెప్పింది. చివరికి జేబులోంచి చిన్న పింగాణీ డబ్బా తీసి మూత తెరిచింది. లోపల కుంకుమ కంటే చిక్కటి ఎరుపు, ముద్దగా. ఇంగిలీకం మెత్తగా నూరి, ఎండలో నెలల తరబడి పెట్టిన ఆముదంలో కలిపి, మాచిపత్రి నూగు పట్టించి చేస్తారని చెప్పింది. నూగు లేకపోతే రంగు కిందకి దిగిపోతుంది, నూనె పైకి తేలుతుంది. అందుకే అప్పుడప్పుడూ ఎముక పుల్లతో కలియతిప్పాలి. డబ్బా నా ముక్కు దగ్గర పెట్టింది. మా ఇంట్లో ఆముదం సీసా వాసన, చవితి పత్రి వాసన, రెండూ కలిసి వచ్చాయి. ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లని, కళ్లనీళ్లు వచ్చాయి. ఆవిడ కారణం అడగలేదు. తన సీసా మూతలో టీ పోసి ఇచ్చింది.

*

తరవాత ఆదివారాలు చాలా అక్కడే గడిచాయి. పుస్తకాలు తీసుకెళ్లి మంటపంలో కూర్చుని ఫార్మకాలజీ చదివేదాన్ని. శరదృతువులో ఊరంతా గుయ్‌హ్వా పూల వాసన. చెట్టు మీద కనపడనంత చిన్న పూలు, వాసన మాత్రం వీధి మలుపులోనే పట్టుకుంటుంది.

కొండ మీద ఒక రాతి గది ఉంది. తలుపుకి కటకటాలు. లోపల ఒక పెద్ద రాయి, చీకట్లో సగం కనిపిస్తుంది. అది క్రీస్తు శకం 52వ సంవత్సరం నాటి శాసనం. ఆ రాష్ట్రంలో ఇంతకంటే గొప్ప పాత శాసనం లేదంటారు. 1852లో యూయావ్ అనే ఊళ్లో దొరికింది. 1921లో చేతులు మారి షాంఘై వ్యాపారి దగ్గరికి చేరి, దేశం దాటి జపాన్ వెళ్లబోతుంటే, ఊ ఛాంగ్‌షువోతో సహా సంఘం వాళ్లంతా బొమ్మలు వేసి, చందాలు పోగుచేసి, 8,000 వెండి డాలర్లు పెట్టి కొన్నారు. దాని కోసమే ఆ గది కట్టారు.

అంత కష్టపడి నిలబెట్టుకున్నారంటే అందులో ఏ రాజు విజయమో ఉంటుందనుకున్నాను. మా టీచర్‌ని అడిగితే చిన్న పుస్తకం తెచ్చి, రాతి మీది అక్షరాల నకలు చూపిస్తూ వరసగా చదివి చెప్పింది. 217 అక్షరాలు. ఒక మామూలు పెద్దమనిషి కుటుంబం. మనవడు తాతది, నాయనమ్మది, తండ్రిది, తల్లిది పేర్లూ, వాళ్లు పోయిన రోజులూ రాయించాడు. పెద్దవాళ్ల పేర్లు పిల్లలు నోటితో పలకకూడదు, పోయిన రోజు మరిచిపోకూడదు. తరాలు గడిస్తే తెలియకుండా పోతాయని రాతి మీద పెట్టాడు. అంతే. అది తద్దినాల రాయి.

తాత పేరు ఉంది. నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి "పేరు పోయింది" అని చెక్కి ఉంది. ఆవిడని అందరూ పిలిచే పిలుపు పేరు ఉంది, పోయిన రోజు ఉంది. అసలు పేరు మనవడి నాటికే ఎవరికీ తెలియదు. తెలియదన్న మాట దాచకుండా రాతి మీద పెట్టాడు ఆ మనవడు. రెండు వేల ఏళ్లుగా ఆ ఖాళీ అలాగే ఉంది.

నాకు ఆ శాసనం అప్పటినుంచీ సొంత మనుషులదిలా అనిపిస్తుంది. మా నాయనమ్మ కూడా తాతయ్య పేరు ఒక్కసారి పలకలేదు. ఆ పేరుతో ఎవరైనా ఉంటే "ఆయన పేరువాడు" అనేది. అత్తమామల పేర్లూ అంతే. మా ఊరు అమరావతికి దగ్గర్లోనే, కృష్ణ ఒడ్డున. చిన్నప్పుడు స్కూలు నుంచి అమరావతి మ్యూజియానికి తీసుకెళ్లి స్తూపం రాళ్లు చూపించారు. ఆ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో దానం ఇచ్చినవాళ్ల పేర్లు ఉంటాయి, అందులో ఆడవాళ్లు ఎంతమందో. నాగార్జునకొండలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి పేరు ఇప్పటికీ చదవొచ్చు. అక్కడే బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో తన అమ్మా నాన్నా తోబుట్టువులందరినీ తలుచుకుంది. ఆ శాసనంలోనే బౌద్ధ భిక్షువులు మెప్పించిన దేశాల వరసలో చీన అన్న పేరూ ఉంది. శాతవాహనులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లి పేరుతో చెప్పుకున్నారు. ఇంతమంది ఆడవాళ్ల పేర్లు నిలిచిన నేల మాది. ఆ నేల మీదే ఇంట్లో అత్తగారి పేరు నోరెత్తి చెప్పని కాలం ఎప్పుడు వచ్చిందో!

గూషాన్ కొండ మీద 1924లో కట్టిన రాతి స్తూపం ఉంది. సన్నగా పదకొండు అంతస్తులు. దాని మీద చెక్కింది అవతంసక సూత్రం అనే బౌద్ధ గ్రంథం. ఆ సూత్రం చివర్లో సుధనుడనే కుర్రవాడు జ్ఞానం కోసం గురువు తరవాత గురువుని వెతుక్కుంటూ తిరుగుతాడు. అతని ఊరు ధాన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతే అని గుర్తించిన పండితులు ఉన్నారు. ఇది నాకు చదువు అయిపోయి వచ్చేశాక తెలిసింది. ఎన్ని ఆదివారాలు ఆ స్తూపానికి ఆనుకుని కూర్చున్నానో. మా పక్క ఊరి కుర్రవాడి కథ వెనకే ఉందని తెలియకుండా.

*

హౌస్ సర్జన్సీలో వార్డు పని. చుట్టుపక్కల పల్లెల నుంచి టీ తోటల్లో, వరి పొలాల్లో పనిచేసే ముసలమ్మలు వచ్చేవాళ్లు. ఆపరేషన్‌కి ముందు కాగితం మీద సంతకం కావాలి. రాయడం రానివాళ్లకి నర్సు ఎర్ర ముద్దున్న డబ్బా తెచ్చేది. వేలు అందులో అద్ది కాగితం మీద నొక్కించేది. నొక్కాక ఆ ఎర్ర వేలుని ఏం చెయ్యాలో తెలియక గాల్లో పట్టుకుని కూర్చునేవాళ్లు. నేను దూది స్పిరిట్‌లో ముంచి తుడిచేదాన్ని. తుడిచినప్పుడల్లా పింఛను రోజున పంచాయతీ ఆఫీసు ముందు అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ కనిపించేది. అక్కడ ఊదా రంగు స్టాంపు ప్యాడ్. వేలు తుడుచుకోవడానికి గోడ. ఆ గోడంతా ఊదా రంగు వేళ్లే.

నాయనమ్మకి చదువు లేదని కాదు బాధ. ఆవిడకి లెక్కలన్నీ నోటికి వచ్చు, పాలవాడు ఎన్ని శేర్లు పోశాడో నెల మొత్తం చెప్పగలదు. ప్రతి కాగితం మీదా ఎవరో "ఫలానా ఆవిడ నిశాని" అని పక్కన రాయాలి, ఆ రాసే మనిషి కోసం ఎదురుచూడాలి. అదీ ఆవిడకి నచ్చనిది.

సెలవులకి ఇంటికి వెళ్లేముందు ఆవిడ పేరుతో ముద్ర చేయించాలని అనుకున్నాను. పాత బజారు వీధిలో అడుగున్నర వెడల్పు బల్ల వేసుకుని ముద్రలు చెక్కే ముసలాయన ఉండేవాడు. పనివాడి మీద గౌరవంతో అందరూ "షీఫు" అనేవాళ్లు. తెల్లకాగితం మీద తెలుగులో "రత్తమ్మ" అని రాసి ఇచ్చాను. కళ్లజోడు పైకి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇందులో మూలలు లేవే" అన్నాడు. వాళ్ల అక్షరాలన్నీ మూలలతో, గళ్లలో కూర్చుంటాయి. మనవన్నీ గుండ్రాలు. కింద ఉన్న వత్తులు వేరే అక్షరాలా, పై అక్షరానికి కాళ్లా అని అడిగాడు. పై అక్షరంతోనే ఉండాలి, విడదీయకూడదని చెప్పాను. కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతుర్లో అటువైపు నుంచి చూసుకున్నాడు. ముద్ర మీద అక్షరం అద్దంలోలా తిరగబడి ఉండాలి కదా. అలా చూస్తూనే సన్నటి బ్రష్షుతో రాతి అడుగున రాశాడు. తలకట్లు పెట్టడం మొదట తప్పింది, తడిబట్టతో తుడిచి మళ్లీ రాశాడు.

తరవాత రాయిని చిన్న చెక్క బిగింపులో పెట్టి, కత్తిని పిడికిట్లో నిటారుగా పట్టుకుని, తన వైపుకి లాగుతూ చెక్కాడు. కర్ కర్ అని చెవి దగ్గర పల్లీ పొట్టు నలిపినట్టు చప్పుడు. గీత చుట్టూ ఉన్న రాయంతా తీసేసి గీతని నిలబెట్టాడు. "మ" దగ్గర గుండ్రం తిప్పేటప్పుడు కత్తి ఆపి రాయిని తిప్పాడు, కత్తిని కాదు. రాతిపొడి ఊదుతూ, పళ్లు తోముకునే బ్రష్షుతో దులుపుతూ, సిగరెట్టు ఆరిపోయినా పెదవి మీదే ఉంచుకుని పని చేశాడు. ఎర్ర ముద్ద అద్ది కాగితం మీద నొక్కి ఎత్తితే, నాయనమ్మ పేరు ఎర్రగా, తడిగా, ఒక్క గీత కూడా విరగకుండా వచ్చింది. రాతి పక్కన చిన్న అక్షరాల్లో ఏదో చెక్కి ఇచ్చాడు. హాస్టల్లో చదివించుకుంటే, "తియెన్‌జూ లిపి, ముసలితనంలో మొదటిసారి చెక్కాను" అని ఉంది. ఆ ఊళ్లో ఇండియాకి పాత పేరు అదే. 4వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన హ్వీలీ అనే భారతీయ భిక్షువు లింగ్‌యిన్ గుడి కట్టించాడనీ, గుడి ఎదురుగా ఉన్న గుట్టని చూసి ఇది మా దేశపు కొండే, ఇక్కడికెలా ఎగిరొచ్చిందని ఆశ్చర్యపోయాడనీ చెప్పుకుంటారు. ఆ గుట్టని ఎగిరొచ్చిన కొండ అనే పిలుస్తారు.

*

నాయనమ్మకి ముద్ర ఎలా వాడాలో చూపించాను. మొదట నవ్వింది. "బ్యాంకోడు ఒప్పుకుంటాడంటే?" అంది. ఒప్పుకోడన్నాను. "మరెందుకే" అంటూనే చీర కొంగుతో రాయి తుడిచింది. సాయంత్రం పాలవాడు వచ్చాక, పాల లెక్క రాసే నోటుబుక్కు తెప్పించుకుని ఆ రోజు అంకె పక్కన నొక్కింది. ఆ పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుని "ర...త్త...మ్మ" అని చదివాడు. "ఆ, నేనే" అంది. ఆ తరవాత రోజూ అదే పని. నేను మళ్లీ హాంగ్‌జౌ వెళ్లాక కూడా, డబ్బాలో ఎర్ర ముద్ద గట్టిపడితే ఆముదం చుక్క వేసి పుల్లతో తిప్పుకునేదట. ఆ నోటుబుక్కులు అమ్మ దాచింది. నెలల తరబడి పేజీలు, అంకె పక్కన అంకె, పేరు పక్కన పేరు. వర్షాకాలంలో ముద్ర కొంచెం పులిమినట్టు ఉంటుంది, ఎండాకాలంలో స్పష్టంగా ఉంటుంది.

ఝావ్ ఝిచియెన్ అని 19వ శతాబ్దపు కళాకారుడు ఒకాయన ఉన్నాడు. తైపింగ్ తిరుగుబాటు యుద్ధం రోజుల్లో ఇంటికి దూరంగా ఉండగా భార్యా కూతురూ పోయారు. ఆయన 1864లో చెక్కిన ఒక ముద్ర రాతి పక్క మీద చిన్న బుద్ధుడి బొమ్మ చెక్కి, భార్య పేరు, కూతురి పేరు రాసి, వాళ్ల కష్టాలన్నీ తొలగిపోవాలని మొక్కుకున్నాడు. దాని అచ్చు నేను పుస్తకంలోనే చూశాను. పైన ముద్ర వేసే వైపు ఆ పేర్లు రావు. కాగితం మీద ఎప్పుడూ కనపడవు. చేత్తో పట్టుకున్న వేళ్ల కింద ఉంటాయి. ముద్రల కళలో ఇంతకంటే నన్ను కదిలించింది లేదు. నాయనమ్మ పోయాక ఆవిడ ముద్రని చేతిలో పట్టుకున్నప్పుడల్లా షీఫు చెక్కిన ఆ పక్క గీతలు వేళ్లకి తగులుతాయి.

2009లో చైనా కాలిగ్రఫీనీ, ముద్రలు చెక్కే కళనీ యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందు ఏడాది జరిగిన బీజింగ్ ఒలింపిక్స్ గుర్తు కూడా ఎర్ర ముద్ర రూపంలోనే ఉంది. బస్సుల మీద, నీళ్ల సీసాల మీద అదే. నాకు సంతోషమే. అయినా ఆ కళ గురించి తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఆ బల్ల, ఆ ఆరిపోయిన సిగరెట్టు.

*

2016 కృష్ణా పుష్కరాలకి అమరావతి ఘాట్‌లో నాన్న పిండప్రదానం చేశారు. మేమంతా ఒడ్డున నిలబడ్డాం. పంతులుగారు వరసగా పేర్లు అడుగుతున్నారు. నాన్న వాళ్ల నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పారు. "తల్లిగారు?" రత్తమ్మ. "నాయనమ్మగారు?" అన్నారు పంతులుగారు. నాన్న ఆగిపోయారు. చుట్టూ చూశారు. బాబాయికి తెలియదు. తెనాలిలో ఉన్న పెద్దత్తయ్యకి ఫోన్ చేశాం. "అందరూ తూర్పింటమ్మ అనేవాళ్లురా. పేరు మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు" అంది. వెనక జనం తోసుకుంటున్నారు, పంతులుగారికి తొందర. నాన్న తూర్పింటమ్మ అనే చెప్పి పిండం వదిలారు.

నేను ఆ మెట్ల మీద నిలబడి, కటకటాల వెనక ఆ రాయినే తలుచుకున్నాను. పేరు పోయింది, పిలుపు మిగిలింది. రాతి మీద ఆ మనవడు చెక్కించింది ఇదే మాట.

రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పాత ట్రంకు పెట్టెలు కిందకి దిగాయి. మా పెట్టెలో పనికొచ్చిన కాగితాలు ఆఫీసుకి వెళ్లాయి, మిగతావి అలాగే సంచిలో ఉండిపోయాయి. పుష్కరాల తరవాత ఒక ఆదివారం నాన్నా నేనూ ఆ సంచి విప్పి కూర్చున్నాం. చెదలు తిన్నవి, మడత దగ్గర చిరిగినవి. ఒక పంపకాల దస్తావేజు అడుగున, సాక్షుల సంతకాల కింద, ముడతలు పడిన గోధుమరంగు కాగితం మీద ఒక వేలిముద్ర. మధ్యలో గీతలు అరిగిపోయి ఉన్నాయి, పొలం పనిచేసిన వేలు. దాని పక్కన లేఖరి గొలుసుకట్టు రాత: "కోటమ్మ ఎడమ చేతి బొటనవేలి నిశాని." మా ముత్తాత, అంటే నాన్న తాతగారి భార్య అని పైన వివరం ఉంది.

నాన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. కోటమ్మ అని పైకి రెండుసార్లు అన్నారు. తన డైరీ తెచ్చుకుని, మొదటి పేజీలో రత్తమ్మ పేరు రాసి దాని పైన కోటమ్మ అని రాశారు. నాయనమ్మ ముద్ర తెమ్మన్నారు, ఆవిడ పేరు పక్కన నొక్కారు. తరవాత వంటింట్లోకి కేకేసి, "మీ వైపువాళ్లవి కూడా చెప్పు, రాద్దాం" అన్నారు. అమ్మ తన అమ్మ పేరు, అమ్మమ్మ పేరు చెప్పింది. ఆ పైది తెలియదంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ల తమ్ముడికి ఫోన్ కలిపింది.